టెంక ముదరని మామిడికాయ

గ్రూప్స్‌కు చదువుతున్న కుర్రాళ్లు ఇద్దరు మొన్న మా ఇంటికొచ్చి, సంస్కృతి, పర్యావరణం కరెంట్ అఫైర్స్ ఎలా చదవాలో చెప్పమన్నారు. నేను చెప్పడం మొదలుపెట్టానో లేదో, ఒకడు ఫోను చూసుకున్నాడు. అది నేను మరిచిపోను. అయినా వాళ్లు అడిగింది మంచి ప్రశ్న కాబట్టి జవాబు రాసి ఇస్తున్నాను. నాకు తెలిసిన జవాబు ఒక్కటే. అది నేను పాఠం చెప్పి సంపాదించింది కాదు, తప్పు చేసి సంపాదించింది.

నేను చరిత్ర లెక్చరర్‌ని. మాది మధిర వైపు. మా తాతలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి అక్కడ భూములు కొనుక్కున్నారు. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో ఖమ్మంలో జూనియర్ కాలేజీలో పనిచేసేవాణ్ని. టైంటేబుల్లో నాకు జరిగిన అన్యాయం గురించి ప్రిన్సిపాల్ మీద పైవాళ్లకు మూడు ఫిర్యాదులు పెట్టాను. మూడింటికీ కలిపి ఒకటే జవాబు వచ్చింది: భద్రాచలంలో గిరిజన అభ్యర్థుల కోసం నడిచే ఉచిత శిక్షణ కేంద్రానికి నన్ను డెప్యుటేషన్ మీద పంపారు. పంపినవాళ్లు అది గౌరవం అన్నారు. సారపాక పేపరు మిల్లు దగ్గర వెదురు లారీల వెనక బస్సు ఆగి, కదిలి, మళ్లీ ఆగి, చివరికి గోదావరి వంతెన ఎక్కుతుంటే అది ఎలాంటి గౌరవమో నాకు అర్థమైంది.

శిక్షణ కేంద్రం అంటే మేడ మీద రెండు గదులు, ముప్పై మంది అభ్యర్థులు. కింద ఇన్‌చార్జి గారి గది. ఆయన మెత్తని మనిషి. ఎవరు ఏ కాగితం ఇచ్చినా దాని మూల ‘చూశాను’ అని రాసి సంతకం పెట్టి ఫైల్లో పెట్టేసేవాడు. పక్క గదిలో టైపిస్టు. ముదిగొండ మనిషి. వయసులో నాకంటే చిన్నవాడు, నోరు మాత్రం పెద్దది.

అప్పట్లో మీకున్నట్టు అరచేతిలో ప్రపంచం లేదు. ఖమ్మం నుంచి పేపర్లు బస్సులో వచ్చేవి. నేను కత్తెర పట్టుకుని వాటిని కత్తిరించి, వరసగా అంటించి, వాటి మీద నా మాటల్లో నోట్సు రాస్తే టైపిస్టు కొట్టేవాడు. జిరాక్సు తీసి నెలకో బులెటిన్ వేసేవాళ్లం. పన్నెండు పేజీలు. అందులో ‘సంస్కృతి – పర్యావరణం’ పేజీ అంటే నాకు ప్రాణం. చిత్తడి నేలలు, పులుల లెక్కింపు, పోడు వ్యవసాయం, జాతరలు, చేతివృత్తులు, అన్నీ నేనే రాసేవాణ్ని. ఒక్క సంచికలో కూడా నా పేరు వెయ్యలేదు.

అడిగాను. ఊరుకునే మనిషిని కాదు కదా. ప్రభుత్వ ప్రచురణల్లో వ్యక్తుల పేర్లు ఉండవు మాస్టారూ అన్నాడు ఇన్‌చార్జి. టైపిస్టు అక్కడితో ఆగలేదు.

“పేరెందుకు సార్? తప్పులుంటే ఎవల్ని తిట్టాల్నో తెలుస్తదనా?” అన్నాడు.

ఆ మాట తేదీతో సహా నోటుబుక్కులో రాసుకున్నాను. నాకు జరిగిన అవమానాలు రాసుకోవడానికి ఒక నోటుబుక్కు ఉండేది. ఇప్పటికీ ఉంది. మూడోది నడుస్తోంది.

క్లాసులో నాది ఒకటే నియమం. నోట్సులో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఒక్క మాట మారినా మార్కు పోయినట్టే. పరీక్ష దిద్దేవాడికి నీ తెలివితో పని లేదు, నోట్సుతోనే పని అని చెప్పేవాణ్ని. ఆ నియమాన్ని అందరికంటే బాగా పాటించింది ఒక అమ్మాయి. దుమ్ముగూడెం దాటి అడవి లోపలికి వెళ్తే వచ్చే ఒక కోయ గూడెం ఆమెది. ఊరి బడిలో విద్యా వాలంటీరుగా ఉన్న పని వదులుకుని శిక్షణకు వచ్చింది. ఇంటిని అన్న ఒక్కడే నెట్టుకొస్తున్నాడు. వెదురు కొట్టే కూలీల్లో అతనొకడు. చెల్లెలికి ఒక్క నోటిఫికేషన్ వరకే టైమిచ్చాడు. ఇది పోతే మళ్లీ గ్రూప్ వన్ ఎప్పుడు పడుతుందో ప్రభుత్వానికే తెలియదు. ఆమె వదులుకున్న వాలంటీరు పనిలో అప్పటికే వేరే మనిషి చేరిపోయింది. అంటే వెనక్కి వెళ్లడానికి కూడా ఏమీ మిగల్లేదు.

ఆ ఏడు ఉగాదికి కేంద్రంలో పండుగ చేద్దామని నేనే ముందుకొచ్చాను. మా తోటలోంచి లేత మామిడికాయలు తెప్పించాను. వేపపువ్వు నేనే ఏరాను. పచ్చడి నా చేతులతో కలిపి, మోదుగాకు దొప్పల్లో పెట్టి, ఒక్కొక్కరికీ అందించాను. ఎనిమిది మంది దొప్ప అందుకుని, నమస్కారం పెట్టి, పక్కన పెట్టేశారు. వేలు కూడా ముంచలేదు. వాళ్లలో ఆ అమ్మాయి ఒకతె.

“ఏమ్మా, చేదుగా ఉందా?” అన్నాను.

“లేదు సార్.”

“తిని చూశావా?”

“లేదు సార్.”

“మరి?”

“మేం ఇప్పుడు తినం సార్.”

“ఉగాదినాడు తినక ఇంకెప్పుడు తింటారు? నేను కలిపానని తినరా?”

ఆమె తల దించుకుంది. మిగతా ఏడుగురూ తలలు దించుకున్నారు. నేను వడ్డించడం ఆపి కిందికి దిగిపోయాను. టైపిస్టు నా వెనకే వచ్చాడు.

“కారణమేందో అడగరాదు సార్?”

“అడిగాను కదా!”

“అడిగినట్టు లేదు సార్. గదమాయించినట్టున్నది.”

ఆ సాయంత్రం రెండు పేజీల లెటరు రాశాను. ఎనిమిది మంది అభ్యర్థులు సంప్రదాయాన్నీ, అధ్యాపకుణ్నీ బుద్ధిపూర్వకంగా అగౌరవపరిచారని, కాబోయే అధికారులకు ఇది తగదని. ఇన్‌చార్జి దాన్ని మొత్తం చదివాడో లేదో తెలియదు. మూల ‘చూశాను’ అని రాశాడు. లెటరు సంగతి మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గరికి చేరిపోయిందని తర్వాత తెలిసింది. మా కేంద్రంలో కాగితాల కంటే కబుర్లు జల్దీ నడిచేవి.

ఉగాది వెళ్లిన కొద్ది రోజులకు మెయిన్స్ ఫలితాలు వచ్చాయి. మా ముప్పై మందిలో ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది ఒక్కరికే. ఆ అమ్మాయికే. నాకు సంతోషం కలిగింది. కోపం కూడా పోలేదు. రెండూ ఒకే మనిషి మీద ఉండొచ్చని మీకు నా వయసు వస్తే తెలుస్తుంది.

ఇంటర్వ్యూకు ముందు ఒక ఉత్తుత్తి ఇంటర్వ్యూ పెట్టాం. ఇన్‌చార్జి, నేను, బయటి మనిషిగా రిటైరైన ఒక ఫారెస్టు రేంజరు. ఆయన ఆ చుట్టుపక్కల అడవుల్లోనే ఉద్యోగమంతా చేసి భద్రాచలంలో స్థిరపడ్డాడు. కుర్చీలో వాలి కూర్చుని, బీడీ కట్టను ముందే బల్ల మీద పెట్టాడు. నాకు అప్పుడే నచ్చలేదు.

పోలవరం అడిగాం, పులులు అడిగాం, ఓజోన్ పొర అడిగాం. గడగడా చెప్పింది. నేను గర్వంగా రేంజరు వైపు చూశాను. ఆయన ముందుకు వంగాడు.

“మీ ఊళ్ల మామిడి పండుగ చేస్తరా బిడ్డా?”

“చేస్తం సార్.”

“ఎందుకు చేస్తరు?”

ఆమె వెన్ను నిటారు చేసుకుంది. నోట్సు అప్పజెప్పేటప్పుడు అలాగే కూర్చునేది.

“మామిడి పండుగ అనగా పంట చేతికి వచ్చిన ఆనందంలో గిరిజనులు జరుపుకునే కోత పండుగ. తొలి పండ్లను గ్రామదేవతకు సమర్పిస్తారు. ప్రకృతి ఆరాధన తప్ప దీనికి ప్రత్యేకమైన పర్యావరణ ప్రాధాన్యం లేదు.”

ఒక్క అక్షరం పొల్లు పోలేదు. అది నా బులెటిన్‌లోని పేరా. మొదటి రెండు వాక్యాలు ఒక పాత పుస్తకంలోంచి తీసుకున్నాను. మూడోది నా తలలోంచి.

రేంజరు బీడీ కట్టను పక్కకు జరిపాడు. తర్వాత, “గిరిజనులు జరుపుకుంటరా? నువ్వెవరు మరి?” అన్నాడు.

ఆమె మళ్లీ మొదటి వాక్యమే అందుకోబోతే రేంజరు ఆపాడు.

“నిన్ను మీ ఊరి సంగతి అడిగిన. నువ్వెవరి సంగతో చెప్తున్నవ్. గిది ఎవరు చెప్పిండ్రు నీకు?”

“నోట్సుల ఉన్నది సార్,” అంది. నా వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతోందో నాకు కనబడుతూనే ఉంది.

రేంజరు మాత్రం చూశాడు. “గీ నోట్సు రాసినాయన అడవిని బస్సు కిటికీలకెళ్లి చూసినట్టున్నది,” అన్నాడు.

ఆ వాక్యం నా నోటుబుక్కులో ఒక పేజీ మొత్తం ఆక్రమించింది. చుట్టూ గీత కూడా గీశాను. అందులో అన్నిటికంటే బాధపెట్టిన సంగతి మీకు చెప్తాను. భద్రాచలంలో చేరి అప్పటికి పద్నాలుగు నెలలు. అన్ని నెలల్లో నేను అడవిని చూసింది బస్సు కిటికీలోంచే.

వెంటనే రేంజరు మీద ఫిర్యాదు రాసి ఇన్‌చార్జి ముందు పెట్టాను. ఇంటర్వ్యూకు వెళ్లే పిల్లను గందరగోళపరిచాడని, అధ్యాపకుణ్ని అభ్యర్థి ముందు అవమానించాడని. ఇన్‌చార్జి పెన్ను తీశాడు. ‘చూశాను’ అని రాయబోయి ఎందుకో ఆగాడు.

“మాస్టారూ, ఫిర్యాదుకు ఆధారం ఉండాలి కదా. మీ పేరా నిజమేనని ఆ ఊళ్లోనే రాయించుకురండి. అప్పుడు ఆయన్నే పిలిచి అడుగుదాం.”

నన్ను వదిలించుకోవడానికే అన్నాడు. కానీ నేను వదిలే మనిషిని కాను. మర్నాడు పొద్దున్నే ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని దుమ్ముగూడెం బస్సెక్కాను. సంచిలో తెల్ల కాగితాలు, వేలిముద్రల కోసం ఇంకు ప్యాడు, మంచినీళ్ల సీసా. మామిడి పండుగ కోత పండుగేనని ఊరి పెద్ద చేత రాయించుకుని వేలిముద్ర వేయించుకోవాలని నా పథకం. ఇప్పుడు చెప్పుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు అది నాకు సుప్రీంకోర్టు కేసు.

బస్సు దిగి నడవాలి. నాలుగు కిలోమీటర్లే అంది ఆమె. ఆమె నాలుగు కిలోమీటర్లకూ నా నాలుగు కిలోమీటర్లకూ చాలా తేడా ఉంది. ఎండ నడినెత్తికి రాకముందే నా సీసా ఖాళీ అయింది. ఆమె ఇరవై అడుగుల ముందు నడుస్తోంది. దారి పక్కన మామిడి చెట్టు కింద కాయలు రాలి ఉన్నాయి. గాలికి రాలినట్టున్నాయి, పచ్చిగా, నున్నగా. ఒకటి తీసి పంచెతో తుడిచి కొరికాను. ఆ పులుపు గొంతులోకి దిగుతుంటే ప్రాణం లేచొచ్చింది. రెండోసారి కొరికాను.

అప్పుడామె వెనక్కి తిరిగింది. నా చేతిలోని కాయను చూసింది. నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. ఉగాదినాడు దించుకున్నట్టే తల దించుకుని, తిరిగి నడక మొదలుపెట్టింది.

ఆ కాయతోనే గూడెంలోకి వెళ్లాను. వాళ్ల ఇంటి ముందు పందిరి కింద ఆమె అవ్వ విస్తరాకులు కుడుతోంది. పక్కన ఊరి పెద్ద కూర్చుని ఉన్నాడు, బక్కపలచని ముసలాయన. నేను వచ్చి నమస్కారం పెట్టాను. ఒక చేతిలో సంచి, ఒక చేతిలో కొరికిన మామిడికాయ. ఇద్దరూ నా ముఖం చూడలేదు, కాయనే చూశారు. పక్క ఇళ్లలోంచి వచ్చినవాళ్లు కూడా కాయనే చూశారు. ఎవరో కోయ భాషలో ఏదో అన్నారు. ఆ అమ్మాయి మెల్లగా ఏదో జవాబు చెప్పింది.

“ఏమైందమ్మా?” అన్నాను.

“మా ఊళ్ల పండుగ ఇంక కాలేదు సార్. పండుగ అయ్యేదాక మామిడికాయ ఎవ్వరం ముట్టం. రాలిందైనా సరే.”

ఉగాది పచ్చడిలోని మామిడికాయ ముక్కలు నా కళ్ల ముందుకొచ్చాయి. ఎనిమిది దొప్పలూ వచ్చాయి. రెండు పేజీల లెటరు కూడా వచ్చింది.

“మరి దారిలో చూశావు కదా! నాకెందుకు చెప్పలేదు?”

“అడ్డం చెప్తే మళ్లా లెటర్ రాస్తరేమో అనుకున్న సార్,” అంది.

అవ్వ సూదిపుల్ల పక్కన పెట్టి లేచింది. దగ్గరికొచ్చి నన్ను కింది నుంచి పైదాకా చూసింది. నేను ఆ ఊళ్లోంచి ఎలా బయటపడాలా అని ఆలోచిస్తున్నాను. ఆమె మనవరాలి వైపు తిరిగింది.

“తెల్వక తిన్నడు. తెల్వనోనిది తప్పెట్లయితది? ఎండల పడొచ్చిండు, ముందుగాల సారుకు నీళ్లియ్యి.”

అంతే. చుట్టూ చేరినవాళ్లు ఎవరి పని మీద వాళ్లు వెళ్లిపోయారు. నేను తినకూడనిది తింటే ఆ ముసలామెకు రెండు మాటలు సరిపోయాయి. వాళ్ల పిల్లలు తినకూడనిది తిననందుకు నాకు రెండు పేజీలు పట్టింది. నీళ్లు తాగుతూ ఆ లెక్క వేసుకున్నాను. నా జీవితంలో నాకు నేను చేసుకున్న అవమానం అదొక్కటే. అది కూడా నోటుబుక్కులో ఉంది.

ఊరి పెద్ద నా చేతిలోంచి కాయ తీసుకున్నాడు. మొద్దు మీద పెట్టి కత్తితో మధ్యకు కోశాడు. కత్తి టెంకలోకి వెన్నలో దిగినట్టు దిగింది. రెండు ముక్కలూ నాకు చూపించాడు. లోపల టెంక తెల్లగా, మెత్తగా ఉంది.

“సూసినవా సారూ? ఇంక లేతగున్నది. దీన్ని పాతిపెడితే మొలుస్తదా? మొలవది. నాలుగు దిక్కుల నాలుగు చెట్ల కాయలు తెచ్చి కోసి సూస్త. టెంకకు కత్తి దిగొద్దు. గప్పుడు పండుగకు దినం పెడ్త. దేవరకిచ్చి, అందరం తింటం. తిన్న టెంకలు యాడబడితే ఆడ ఇసిరేస్తం. గంతల వానలు పడ్తయ్. మొలుస్తయ్.”

“అయితే ఇది కోత పండుగ కాదా?” అన్నాను. ఇంకా పట్టు వదల్లేదు నేను.

“కోతకు పండుగెందుకు? ఆకలైతే కోస్తనే ఉంటం. కొయ్యకుంట ఉండేటందుకే గద పండుగ.”

నేను చివరి అస్త్రం తీశాను. “మరి కోతులు తింటాయి కదా? చిలకలు కొడతాయి కదా?”

పెద్దాయన జవాబు చెప్పేలోపు అవ్వ అందుకుంది. “కోతికి చెప్తే ఇంటదా అయ్యా? మనిషికి చెప్తే ఇంటడు,” అంది. నా వైపు ఒకసారి చూసి, “కొందరు ఇంటరు,” అని సవరించుకుంది. అమ్మాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రోజు ఆమె నవ్వడం మొదటిసారి చూశాను.

సంచిలోంచి కాగితం తీశాను. వచ్చింది ఒకటి రాయించుకోవడానికి. రాసింది ఇంకొకటి. పెద్దాయన చెప్పింది చెప్పినట్టు రాద్దామనుకున్నాను కానీ ముప్పై ఏళ్ల అలవాటు ఊరుకోదు కదా. మొదటి వాక్యంలోనే ‘ప్రకృతి ఆరాధన’ వచ్చి కూర్చుంది. చదివి వినిపించమన్నాడు. వినిపించాను.

“ఆరాధనంటే ఏంది?” అని మనవరాలి లాంటి ఆ అమ్మాయిని అడిగాడు. ఆమె వాళ్ల భాషలో చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. “గా మాట నేనన్లే. కొట్టెయ్యి.”

కొట్టేశాను. మళ్లీ చదివాను. ‘గిరిజనుల విశ్వాసం ప్రకారం’ అనే చోట మళ్లీ ఆపాడు. లేత టెంకకు కత్తి దిగుతుందనేది విశ్వాసమా? నువ్వు చూడలేదా, నీ కళ్ల ముందే కోశాను కదా అన్నాడు. అదీ కొట్టేశాను. మూడోసారి చదివినప్పుడు ఒప్పుకున్నాడు. అప్పుడు వేలిముద్ర వేశాడు. ఇన్నేళ్లుగా పిల్లల చేత నా నోట్సు ఉన్నది ఉన్నట్టు చెప్పించినవాణ్ని. తను చెప్పింది ఉన్నది ఉన్నట్టు నా చేత రాయించిన మొదటి మనిషి ఆయనే. ఆ మధ్యాహ్నం అవ్వ వాళ్లింట్లోనే జొన్న గటక తిన్నాను. పులుపు కోసం ఏమైనా ఉందా అని అడగలేదు.

తిరుగు బస్సులో ఆ అమ్మాయి కాగితం అడిగి తీసుకుని పెదవులు కదుపుతూ చదవడం మొదలుపెట్టింది. ఏం చేస్తున్నావన్నాను.

“బట్టీ పడుతున్న సార్.”

నేను కాగితం లాక్కున్నాను. “మీ ఊరి పండుగ గురించి నువ్వు బట్టీ పట్టడమేమిటి?”

ఆమె ముఖంలో మొదటిసారి కోపం చూశాను. “ఏడాది సంది ఒక్క మాట మారొద్దన్నరు. ఇంక వారం కూడ లేదు ఇంటర్వ్యూకు. ఇప్పుడు నీ మాటల్ల చెప్పంటే ఎట్ల సార్? నాకు నా మాటలు రావు.”

 నా క్లాసు ఫలితం ఎదురుగా కూర్చుని ఉంది. ఆ పిల్లకు ఓజోన్ పొర గురించి మాటలొచ్చు, చిత్తడి నేలల గురించి వచ్చు. తన గడప ముందరి మామిడికాయ గురించి రావు. ఆ ఒక్క సంగతికే ఉద్యోగం పోతే, ఆమె అన్న ముందు నేను ఏ ముఖంతో నిలబడతాను?

తర్వాతి రెండు రోజులూ నేను ప్రశ్నలు అడుగుతూనే ఉన్నాను, ఆమె ‘మామిడి పండుగ అనగా’ అని మొదలుపెడుతూనే ఉంది. ఆ ‘అనగా’ నేను నాటిందే. పీకితే రావడం లేదు. నేను అరిచాను. ఆమె ఏడ్చింది. మూడో రోజు టైపిస్టు టైపు మిషను వదిలి లోపలికొచ్చాడు.

“సార్, మీరు జర బయట కూసోండి.”

“ఎందుకు?”

“మీరున్నంత సేపు గామెకు పరీక్షే.”

నాకు కోపం వచ్చింది. వచ్చినా లేచి వరండాలో కూర్చున్నాను. లోపలి మాటలు వినబడుతున్నాయి.

“చెల్లే, నాకొక సంగతి చెప్పు. మాది ముదిగొండ. మా దిక్కు మామిడికాయ కండ్లబడ్డదంటే తొక్కు పచ్చడే. ఆగేదే లేదు. మీరు చెట్టు మీద కాయలు పెట్టుకొని ఎట్ల ఆగుతరు? నోరూరదా?”

“ఊరదా అన్నా! చిన్నప్పుడు నేనైతే చెట్టు కిందికే పోకపోయేది. పోతే ఆగలేనని.”

“మరి దొంగతనంగ తిన్నోళ్లు లేరా?”

“ఉన్నరు. మా అన్ననే తిన్నడు. మూతి మీద జీడి కారి పుండైంది. ఊరంతా తెలిసింది.” నవ్వుతోంది. తర్వాత చెప్పుకుంటూ పోయింది. పెద్దాయన కత్తి, నాలుగు దిక్కుల కాయలు, ముదిరిన టెంక మీద కత్తి జారితే వచ్చే చప్పుడు, పండుగైన మర్నాడు ఊరి దారుల నిండా టెంకలు, తొలకరికి వాటిలోంచి లేచే ఎర్రెర్రని చిగుళ్లు. ఒక్క ‘అనగా’ లేదు.

నేను వరండాలో కదలకుండా కూర్చున్నాను. టైపిస్టు బయటికొచ్చి నా ముఖం చూసి ఏదో అనబోయి, జీవితంలో ఒకే ఒక్కసారి ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. అతనికి నేను ఋణపడింది ఆ ప్రశ్నలకే కాదు, ఆ మౌనానికి కూడా.

ఆమె హైదరాబాదు వెళ్లొచ్చింది. వచ్చిన రోజు కేంద్రంలో అందరం చుట్టూ చేరాం. బోర్డులో ఒకాయన ఆమె దరఖాస్తులో ఊరి పేరు చూసి, మీ వైపు చెట్లతో ముడిపడ్డ ఆచారం ఏదైనా చెప్పమన్నాడట. ఆమె టెంక సంగతి చెప్పిందట. ఇంకొకాయన అడిగాడట: తెలియని అతిథి వచ్చి పండుగకు ముందే తింటే మీరేం చేస్తారు? జరిమానా వేస్తారా?

“నువ్వేమన్నావు?” అన్నాను.

“తెల్వక తింటే తప్పు లేదంటది మా అవ్వ అన్న సార్. మొన్ననే మా సారొకరు వచ్చి తిన్నరు, నీళ్లిచ్చినం అన్న.”

“బోర్డులో చెప్పావా! నా సంగతి!”

“పేరు చెప్పలే సార్,” అంది వెంటనే. “అందరు నవ్విండ్రు. ఆ నవ్వుతోని నా భయం పోయింది. తర్వాత అడిగినయన్ని మంచిగ చెప్పిన.”

టైపిస్టు గోడకు ఆనుకుని నవ్వుతున్నాడు. రాష్ట్ర స్థాయి బోర్డు ముందు నా పరువు పోయింది. ఆమెకు ఉద్యోగం వచ్చింది. ఏ శాఖో రాస్తే ఎవరో తెలిసిపోతుంది కాబట్టి రాయను. ఆ ఏడు వాళ్ల అన్న ఒకసారి కేంద్రానికి వచ్చి నా చేతులు పట్టుకున్నాడు. వెదురు కోతలకు అరచేతులు గరుకుగా ఉన్నాయి. మూతి మీద మచ్చ కోసం చూశాను. ఉంది.

ఇక మిగిలిన పనులు రెండు. ఉగాదినాటి లెటరు వెనక్కి తీసుకుంటున్నానని, ఆ ఎనిమిది మంది తప్పేమీ లేదని ఇన్‌చార్జికి రాతపూర్వకంగా ఇచ్చాను. మూల ‘చూశాను’ అని రాశాడు. రేంజరు మీద ఫిర్యాదు కూడా తీసేశాను. ఆయన అన్న వాక్యాన్ని మాత్రం నోటుబుక్కులోంచి తీసెయ్యలేదు. నిజమైన మాటే, కానీ అనే పద్ధతి ఒకటుంటుంది.

రెండోది బులెటిన్. తర్వాతి సంచికలో ‘సంస్కృతి – పర్యావరణం’ పేజీలో సవరణ వేశాను. గత సంచికలో మామిడి పండుగ గురించి రాసింది తప్పు, ఫలానా గూడెం పెద్ద చెప్పింది ఇది అని, ఆయన ఒప్పుకున్న మాటలు ఉన్నవి ఉన్నట్టు. తప్పు రాసింది నేనేనని కూడా రాశాను. జిరాక్సు కాపీలు వచ్చాయి. తీసి చూశాను. సవరణ కింద, కుడివైపు, లావు అక్షరాల్లో, నా పూర్తి పేరు, హోదాతో సహా.

టైపు గదిలోకి దూసుకెళ్లాను. “ప్రభుత్వ ప్రచురణలో పేర్లు ఉండవన్నారు కదా! ఇన్ని సంచికల్లో లేనిది ఇప్పుడెందుకు వేశావు?”

అతను తలెత్తలేదు. “ఇంత మంచి పేజీ ఎవరు రాసిండ్రో తెలువాలె గద సార్,” అన్నాడు.

దాని మీద ఫిర్యాదు రాయడానికి కాగితం తీసుకున్నాను. తేదీ వేశాను. విషయం అనే చోట ఆగిపోయాను. ఆ తేదీ వేసిన కాగితం ఇప్పటికీ ఆ బులెటిన్‌లోనే మడిచి ఉంది. నేను రాసిన సంచికలన్నిటిలో నా దగ్గర మిగిలింది ఆ ఒక్కటే. మొన్న వచ్చిన కుర్రాళ్లలో రెండోవాడు, ఫోను చూసుకోనివాడు, దాన్ని తీసి మొత్తం చదివాడు. మీ ఊళ్లో ఏముంది బాబూ అని అడిగాను. ఏమీ లేదు సార్ అన్నాడు. వచ్చే వారం అడిగి తెలుసుకుని రమ్మన్నాను.